ఆ రెండు తడులు

వెల్లుల్లి విత్తనం కావాలంటే చుట్టుపక్కల రైతులంతా వచ్చేది ఆ ఇంటి పెద్దకోడలి దగ్గరికే. ఇరవై ఏళ్ళుగా అందరికీ ఆమె విత్తనాలమ్మ. కన్నపిల్లలు సరదాకి అలా పిలిచినా కోప్పడేది కాదు సరికదా, లోపల్లోపల మురిసిపోయేది. గడ్డని అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి ఎగరేసి పట్టుకుందంటే చాలు, అది విత్తనానికి ఉంచాలో వంటింటికి పంపాలో చెప్పేసేది.

ఆమె మరిది పట్నంలో లారీ నడిపేవాడు. అతని భార్య అక్కడే బట్టలు కుట్టే షాపులో పనిచేసేది. షాపు మూతపడ్డాక ఇద్దరూ తిరిగొచ్చారు. తమ వాటా చేలో తామూ వెల్లుల్లే వేస్తామన్నారు. రెండు చేలకీ మధ్య ఒకటే గట్టు.

"నాకు సూదీ దారం తప్ప ఏమీ తెలీదక్కా. నువ్వే నేర్పాలి," అంది చిన్నకోడలు.

విత్తనాలమ్మ మనసారా నేర్పింది. పాయని నలపకుండా రెబ్బలు విడదీయడం, రెబ్బ మొన పైకి ఉండేలా గుచ్చడం, ఆకులు పండుబారి వాలగానే నీళ్ళు ఆపేయడం, అన్నీ దగ్గరుండి చూపించింది. ఆ ఏడాది తోడికోడలి గడ్డలు గోళీకాయలంతే ఊరాయి.

"మొదటి ఏడాది నావీ ఇంతేలే," అని ఓదార్చింది విత్తనాలమ్మ. నిజానికి ఆమెవి ఎప్పుడూ అలా లేవు. కానీ అలా ఓదార్చడం ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

రెండో ఏడాది తన విత్తనంలోంచే ఒక బుట్టెడు తీసి ఇచ్చింది. చిన్నకోడలు ఆ రెబ్బల్ని వసారాలో పరిచి, నాలుగు రోజులు కూర్చుని ఏరింది. పాయకి బయటివైపు ఉండే లావు రెబ్బలే ఉంచింది. మట్టిని జల్లెడ పట్టింది. నాటేటప్పుడు కుట్టుపని టేపు తీసి ఎడం కొలిచింది.

"చొక్కాకి గుండీలు కుడుతున్నావా ఏంటి?" అని నవ్వింది విత్తనాలమ్మ.

ఆ నవ్వు ఎన్నో రోజులు నిలవలేదు. మూడు నెలలు తిరిగేసరికి గట్టుకి అవతల ఆకు మోచేతి ఎత్తు పెరిగి నిగనిగలాడింది. ఇవతలది బాగానే ఉంది. ఎప్పటిలాగే బాగుంది. అంతే.

"చిన్నదాని చేను చూశావా? దానిది మంచి చెయ్యి," అంది అత్తగారు అన్నం తింటూ.

విత్తనం నాదే కదా అనబోయింది పెద్దకోడలు. అనకుండా పప్పు గిన్నె అత్తగారి వైపు జరిపింది.

ఆ రోజు నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే మొహమైనా కడుక్కోకుండా గట్టు మీదికి పోయి నిలబడేది. ఒకసారి తన మళ్ళలో తామర పురుగు పడింది. మందు కొడుతూ, అది గట్టు దాటిందేమోనని అవతలికి తొంగిచూసింది. దాటలేదు. పురుగుకి కూడా చిన్నకోడలంటే మర్యాదేనా అని కడుపు మండిపోయింది.

కోత ఇంకో నెల ఉందనగా విత్తనాల వ్యాపారి వచ్చాడు. ఏటా విత్తనాలమ్మ పంటే కొనేవాడు. అలవాటు ప్రకారం ఒక గడ్డ పీకి చూసి, గట్టు మీద నడుస్తూ అవతలి నుంచి కూడా ఒకటి పీకాడు. అది అతని గుప్పిట్లో పట్టలేదు.

"ఈ చేను ఎవరిదమ్మా?"

"మా తోడికోడలిది."

"ఈసారికి విత్తనం ఇదే తీసుకుంటాను. మీరేం అనుకోకండి. మీవి మామూలు సరుకులోకి వెళ్ళిపోతాయిలే."

"నేనేమనుకుంటాను, మా ఇంటిదేగా," అంది ఆమె. చేతిలో ఉన్న ఆకు నలిగి పసరు కారింది.

వారం తరవాత చిన్నకోడలు గట్టు దగ్గరికొచ్చి అడిగింది. "అక్కా, ఆకులు పండుబారుతున్నాయి. నీళ్ళు ఆపేయనా?"

ఆపేయమనాలి. ఆపకపోతే గడ్డ కుళ్ళుతుందని ఆమెకు నిద్రలో అడిగినా తెలుసు.

"ఈసారి ఎండ ముదిరిపోయింది కదా. ఇంకో రెండు తడులు పెట్టు. గడ్డ ఇంకా ఊరుతుంది," అంది. ఎంత మామూలుగా అందంటే, ఆ గొంతు విని తనే ఆశ్చర్యపోయింది.

మొదటి తడి పెట్టిన రోజు అవతలి కాలవలో నీళ్ళు గలగలమంటుంటే ఆమెకు పాట విన్నట్టుంది. రెండో తడి నాడు అలా లేదు. కాలవ దాకా నడిచి, చేలోకి నీళ్ళు రాకుండా మడవకి అడ్డం వేసే చెక్క చేతిలోకి తీసుకుంది. చిన్నకోడలు దూరం నుంచి చూసి చెయ్యి ఊపింది. విత్తనాలమ్మ చెక్కని నేలమీద పెట్టి ఇంటికొచ్చేసింది.

కోతకి అవతలి చేను తవ్వితే సగానికి సగం గడ్డలు పొర చిట్లి, నల్లబడి ఉన్నాయి. వ్యాపారి ఒకటి తీసి నొక్కి చూసి, బొటనవేలు తుడుచుకుని, ఇవతలికి వచ్చాడు. "విత్తనానికి మీవేనమ్మా."

"మా అక్క ఎండని చూసి తడి పెట్టమంది. తనేం చేస్తుంది, ఎండలు అలా ఉన్నాయి," అంది చిన్నకోడలు, ఎవరూ అడక్కుండానే.

కోరుకున్నదంతా దక్కింది. అయినా విత్తనాలమ్మకి మళ్ళీ ఒళ్ళు మండింది. నష్టపోయి నిలబడటంలో కూడా ఇది నాకంటే మేలే అనుకుంది.

నాలుగు రోజులు ఓర్చుకుంది. అయిదో రోజు తోడికోడలి వసారాకి వెళ్ళింది. చిన్నకోడలు మిగిలిన గడ్డల్లోంచి మంచివి ఏరుతోంది. పెద్దావిడ కూడా ఎదురుగా కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది.

"ఆ తడులు తెలిసే పెట్టమన్నాను."

చిన్నకోడలి చేతులు ఆగిపోయాయి. "ఎందుకక్కా?"

"నీవి పెద్దవయ్యాయని."

చిన్నకోడలు ఆమె చేతిలోని గడ్డ తీసుకుని బుట్టలో వేసి, "ఇంటికెళ్ళక్కా," అంది.

మళ్ళీ నాట్లప్పుడు విత్తనాలమ్మ తన మేలైన గడ్డలు ఒక సంచి గట్టు మీద పెట్టింది. మర్నాటికి అది మూతి కూడా విప్పకుండా తన గుమ్మంలో ఉంది. చిన్నకోడలు మిగిలిన సగంలోంచే ఏరి నాటింది. ఆ చలికాలమంతా ఇద్దరూ గట్టుకి చెరోవైపు వంగి పనిచేశారు కానీ పలకరించుకోలేదు. అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కారణం అడగబోయి, మానుకుంది.

అవతలి ఆకు ఈసారీ ఏపుగానే లేచింది. విత్తనాలమ్మ కళ్ళు ఈసారీ మండాయి.

ఒకరోజు మధ్యాహ్నం గట్టు అవతల నుంచి మాట వినబడింది. "అక్కా, ఆకు మీద ఈ ఊదారంగు మచ్చలేంటో చూస్తావా?"

విత్తనాలమ్మ లేచి నిలబడింది. "చూస్తాను. చెబితే నమ్ముతావా?"

"నమ్మను. మందుల షాపులో కూడా అడుగుతా. ముందు నువ్వు చెప్పు."

ఆమె గట్టు దాటి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆ మడిలో కూర్చుంది. ఆకు కింద మట్టి చీల్చుకుని బయటికొస్తున్న గడ్డ భుజం కనబడింది. ఎంత లావుందో. గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఆ బాధ అలా ఉండగానే ఆకు తిరగేసి చూసింది.

"ఇది తెగులు. మచ్చలున్న ఆకులు ఇవాళే తెంపి బయట తగలబెట్టు. సాయంత్రం నీళ్ళు పెట్టకు. రేపటికి ఆగావంటే పక్క మళ్ళకి పాకుతుంది," అంది.

చిన్నకోడలు ఆమె మొహం కేసి కాసేపు చూసి, షాపుకి బయల్దేరింది. ఆమె తిరిగొచ్చేసరికి విత్తనాలమ్మ రెండు చాళ్ళలో మచ్చల ఆకులు తెంపి కుప్పేసింది.