అక్క బొటనవేలి గోరు

ఆదివారం సాయంత్రం మనవరాలి గోళ్ళు తీస్తున్నాను. రేపు బడిలో టీచర్ చూస్తుందని అది తొందరపెడుతోంది, నా చెయ్యేమో దాని బొటనవేలి దగ్గర ఆగిపోయింది. మా అక్క చదువు ఆగింది ఇంత గోరు దగ్గరే. దానికి చెబితే ఏం అర్థమవుతుంది, మన ఈడువాళ్ళకైతే అవుతుంది.

ఎనభైల్లో మేం మరాఠీ పట్నంలో, కామాటిపురాలోని వరస గదుల చాల్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. బాపుకు బిల్డింగుల మీద కూలి దొరికిననాడు దొరికేది, లేనినాడు లేదు. అమ్మ ఫాక్‌లాండ్ రోడ్ అవతలి కార్ఖానా నుంచి ఆకూ తంబాకూ తెచ్చి ఇంట్లోనే బీడీలు చుట్టేది. అమ్మకు చూపు సరిగా ఆనక, బీడీల మూతులు మడిచే పని ఏడో తరగతి చదివే అక్క మీద పడింది. అందుకు బొటనవేలి గోరు కాస్త పొడుగ్గా ఉండాలి, లేకపోతే మడత విచ్చుకుని తంబాకు రాలిపోతుంది. పొద్దున మున్సిపాలిటీ తెలుగు బడి, మధ్యాహ్నం నుంచి ఒళ్ళో బీడీల చాట, రెండూ ఎలాగో నెట్టుకొస్తూ కూడా అక్క లెక్కల్లో క్లాసుకే మొదటిది.

కొత్తగా వచ్చిన టీచరమ్మ మంచిదే, పాపం. పిల్లలను వరసగా నిలబెట్టి, అక్క గోరు తన చేత్తోనే కత్తిరించింది. అది పనిముట్టని ఆవిడకేం తెలుసు? అక్క నోరు విప్పి చెప్పిందా అంటే అదీ లేదు. ఆ వారం మా బీడీలు సగానికి సగం కార్ఖానాలో విరిచి పారేశారు. అమ్మ తిట్టలేదు, “గోరు పెరిగేదాంక ఇంట్లనే ఉండు బిడ్డా, మల్ల పోదువు” అని మాత్రం అంది.

గోరు పెరిగింది. పెరిగిన గోరుతో బడికి పోతే మళ్ళీ కత్తిరిస్తారన్న సంగతి మాలో ఎవరికీ ముందు తోచలేదు. బడికి పోతానని అక్క ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

పరీక్షల ముందు టీచరమ్మ మా చాల్ మెట్లెక్కి వచ్చింది. పిల్లతో పని చేయిస్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడి, అమ్మ చాప పరిచి, చాయ్ ఇచ్చి, దాని ఒంట్లో బాగాలేదంది. అక్క చాటను మంచం కిందికి తోసి తల వంచుకుంది. నిజం చెప్పదలిస్తే నేను చెప్పొచ్చు, అక్కడే నిలబడి ఉన్నాను. కానీ అక్క బడికి పోతే ఆ చాట నా ఒళ్ళోకి వస్తుంది. ఆ భయంతోనే నోరు మూసుకున్నాను.

అక్క పరీక్ష రాయలేదు. నేను మాత్రం రాస్తూ పోయి, గ్రాంట్ రోడ్‌లో రైలెక్కి ఆఫీసుకు పోయే ఉద్యోగం దాకా వచ్చాను. ఇప్పుడు ఆ గల్లీలో బీడీలు చుట్టేవాళ్ళు లేరు, మనవలంతా మరాఠీలోనే మాట్లాడుకుంటారు, తెలుగు బడికి పిల్లలే కరువయ్యారు. అక్కను ఆపినవన్నీ ఒక్కొక్కటే పోయాయి, అక్కకు మాత్రం అరవై దగ్గర పడింది. మొన్న కలిసినప్పుడు, ఇప్పుడైనా పరీక్షకు కడతావా అని అడిగాను. నవ్వి, నా ముందు చాయ్ పెట్టింది. ఆ రోజు నేనెందుకు మాట్లాడలేదో చెబుదామనే వెళ్ళాను, ఈసారీ నోరు రాలేదు.