అడగకూడని ప్రశ్న

ఆ రోజు తనిఖీకి వచ్చిన అధికారితో నేను చెప్పింది అబద్ధం. నిజం తెలిసీ దాచాను.

కళింగపట్నం దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు మాస్టారుగా ఉన్న రోజులవి. ఏడో తరగతి పిల్లలకి మాట్లాడడం అలవాటవ్వాలని ఒక ఆట పెట్టాను. నేను సంచి భుజాన వేసుకుని గుమ్మం వైపు నడుస్తాను. వాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఎక్కడికి వెళ్తున్నారని ఇంగ్లీషులో అడగాలి. అధికారి ముందు అందరూ గడగడా అడిగేశారు. ఆ తరగతిలో చేపలు పట్టేవాళ్ళ పిల్ల ఒక్కర్తే ఉండేది. బాగా చదివేది. ఆమె మాత్రం నోరు విప్పలేదు. కసిరాను. దగ్గరికొచ్చి గొణిగింది.

"ఎల్తన్నోల్ని అలగ అడక్కూడదు సారూ. మాయమ్మ సంపేస్తాది."

మా కోటబొమ్మాళి ఇంట్లోనూ అమ్మ అలా అడగనిచ్చేది కాదు. కానీ మాది వ్యవసాయం. పొలానికి వెళ్ళినవాళ్ళు పొద్దుగూకేసరికి వచ్చేస్తారు. ఈ పిల్ల చిన్నాన్న ముందు ఏడాదే సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే.

"ఏమంటోంది?" అన్నాడు అధికారి.

"పాఠం రాలేదంటోందండి."

"వీళ్ళకి ఇంగ్లీషు ఎక్కదులెండి" అని ఆయన నవ్వాడు. నా ఆట బాగోలేదంటాడేమోనన్న భయంతో నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. "ఒసే మూగమ్మా, ఎక్కడికెల్తన్నావే?" అని దారి పొడవునా పిల్లలు వెంటపడేవారు. నాకు వినబడేది. ఆమె ఇంగ్లీషు క్లాసులో ఇక పెదవి కదపలేదు. పదో తరగతిలో ఆ ఒక్క సబ్జెక్టే పోయింది. వాళ్ళమ్మ చేపల తట్ట గేటు దగ్గర దించి నన్ను అడిగింది.

"మా పిల్లకి ఇంగ్లీసు రాదంతన్నారు. మల్లీ పరీచ్చ కట్టించమంతావా బాబూ, మానిపించీమంతావా? నువ్వేటి సెప్తే అదే."

"కష్టమేనమ్మా" అన్నాను. నాకు అప్పటికి అదే సులువు. చదువు మానిపించేశారు.

మొన్న ఆమెను రొయ్యలు ఒలిచే షెడ్డులో చూశాను. పెళ్ళయింది. ఐసులో నాని వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "బాగున్నారా సారూ" అంది, చేతిలో పని ఆపకుండానే. ఆ రోజు క్లాసంతా చూస్తుండగా అన్నాను కాబట్టి, వరసలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినబడేలాగే చెప్పాను.

"నీకు ఇంగ్లీషు రాక కాదమ్మా. నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. అయినా రాదన్నాను. మీ అమ్మకీ అదే చెప్పాను. నీ చదువు పోయింది నా వల్లే. తప్పు చేశాను, క్షమించు."