సాంబ్రాణి పొగలో పాకం వాసన

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. నమ్మకపోవడమే కాదు, ఎవరైనా చెప్పబోతే మధ్యలో అడ్డుపడి వాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లే రకాన్ని. పసిపిల్లలకు పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబులో నా ఉద్యోగం. ఒకసారి కనిపించినదాన్ని మళ్లీ పరీక్షించి చూసేదాకా మేం నిజమనం. ఇది మాత్రం మళ్లీ పరీక్షకు దొరకలేదు.

అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో, మేడమీద పోర్షన్‌లో కిరాయికి ఉండేదాన్ని. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. మెట్రోలో అటు వెళ్లినప్పుడల్లా ఆ సందు కోసం మెడ సాచి చూస్తాను. కింద ఇంటివాళ్లు నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇంటావిడ సత్తెమ్మ ఆంటీ ఆదివారం మటన్ పొయ్యి మీద పెట్టిందంటే నా గిన్నె ముందే కిందికి చేరేది. అంత చనువుగా మళ్లీ ఏ ఇంట్లోనూ ఉండలేదు.

కరోనా తగిలి తగ్గాక నాకు వాసన పోయింది. పూర్తిగా పోయింది. రోడ్డు మీద మిర్చి బజ్జీల నూనె, గుడి దగ్గర మల్లెపూలు, తొలి వానకు సందులో లేచే మట్టి వాసన, ఏదీ ముక్కుకు చేరేది కాదు. పాలు మాడి పొగ కనిపించేదాకా తెలిసేది కాదు. ఆంటీ కిందినుంచే కేకేసి నా పొయ్యి కట్టేయించేది. ఇంటిల్లిపాదికీ నా ముక్కంటే వేళాకోళం. నేనూ నవ్వేదాన్ని గానీ, అమ్మ చీర వాసన ఎలా ఉంటుందో ఎంత ప్రయత్నించినా గుర్తు రాక, కొన్ని రోజులు ఏడుపొచ్చేది.

ఆంటీ కూతురు మౌనికను సొంత మేనమామకే ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఆడపిల్లను కంది. మేనరికం కాబట్టి పాప మడమ నుంచి ఒక రక్తపు చుక్క పరీక్షకు ఇమ్మని అడిగాను. బంగారంలాంటి పిల్లకు జబ్బులేందని ఆంటీ చిన్నబుచ్చుకుంది. నేనూ ఊరుకున్నాను.

ఒక ఉదయం ఆఫీసుకు మెట్లు దిగుతుంటే బెల్లం పాకం వాసన వచ్చింది. అరిసెల పాకం కాస్త మాడితే వచ్చే వాసన. ముందు పట్టరాని సంతోషం వేసింది, నా ముక్కు నాకు తిరిగొచ్చిందని. దండెం మీది బట్టలు మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చాను. సబ్బు వాసన లేదు, ఎండ వాసన లేదు. పాకం ఒక్కటే.

కింద వంటింట్లో పొయ్యి వెలిగించి లేదు. ముందు గదిలో ఆంటీ పాపకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ పడుతోంది. గదంతా పొగ. అయినా నాకు సాంబ్రాణి తెలియలేదు. పాప దగ్గరికి వెళ్లేకొద్దీ పాకమే ఎక్కువైంది.

మేం పరిశోధించే జబ్బుల్లో ఒకటుంది. తల్లిపాలలోని మాంసకృత్తులను బిడ్డ ఒళ్లు అరిగించుకోలేదు, అవే విషమై మెదడుకెక్కుతాయి. ఆ పిల్లల మూత్రం మాడిన పాకం వాసన వేస్తుంది, పిల్ల మత్తుగా పడి ఉంటుంది. మన ఇళ్లలో నీళ్లు పోసి పొగ పట్టాక ఏ పసిపిల్లయినా మత్తుగానే పడుకుంటుంది. ఏ పొత్తిగుడ్డ చూసినా సాంబ్రాణి వాసనే వేస్తుంది. ఇక అనుమానం ఎవరికొస్తుంది?

సంగతి చెప్పాను. ఆంటీ పాప తడిపిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"నీకు వాసనే రాదు గద బిడ్డా, గిప్పుడెట్ల ఒచ్చింది?"

ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. పురుడు తీరకుండా పసిగుడ్డును గడప దాటించేది లేదని కూడా అంది. నేను పాప అరికాలు గట్టిగా గిల్లాను. ఏడవలేదు. రాత్రినుంచీ పాలు తాగలేదని మౌనిక మెల్లగా చెప్పింది. బాలింత కాబట్టి ఆమె చెవుల్లో దూది, తలకు గుడ్డ అలాగే ఉన్నాయి. తల్లి వైపు చూడకుండా లేచి చెప్పులేసుకుంది.

"పోదాం అక్కా."

ఆటోలో ఎల్‌బీ నగర్ పిల్లల దవాఖానకు వెళ్లేదాకా వాసన వస్తూనే ఉంది. పాపను లోపలికి తీసుకెళ్లి తలుపు మూయగానే ఆగిపోయింది. పరీక్షలో అదే జబ్బు తేలింది. ఇంకొంచెం ఆలస్యమైతే చేయి దాటిపోయేదన్నారు. పాప బతికింది, ఇప్పుడు బడికి వెళ్తోంది. పప్పూ పెరుగూ పెట్టరు, ఒంటికి పడని ఆ మాంసకృత్తులు తీసేసిన డబ్బా పొడి తాగిస్తారు. నన్ను చూస్తే ఆ పొడి నేనే కనిపెట్టినట్టు మూతి ముడుస్తుంది.

వాసన పోయినవాళ్లకు అప్పుడప్పుడు లేని మాడు వాసనలు తగులుతుంటాయని డాక్టరు చెప్పాడు. ఒప్పుకుంటాను. కానీ నాకు అంతకుముందు ఒక్కసారీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఈ రోజుకీ మల్లెపూవూ మందుబిళ్లా నా ముక్కుకు ఒకటే.

ఆ ఆదివారం నాగోల్ వెళ్లి అమ్మకు ఇదంతా చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి. అమ్మా నాన్నలదీ మేనరికమే, నేను ఒక్కతే కూతుర్ని. అలాగనే అనుకుంటూ పెరిగాను. నాకంటే ముందు ఒక మగబిడ్డ పుట్టి, పేరు పెట్టేలోపే పోయాడట. పేరు పెట్టని బిడ్డను మావాళ్లు లెక్కలో చెప్పరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వంశవృక్షం గీస్తూ అడిగితే కూడా అమ్మ చెప్పలేదు.

"వాడి గుడ్డలు అచ్చం మాడిన పాకం వాసన వేసేవమ్మా," అంది. "సాంబ్రాణి వాసనేలే అని అందరూ నా నోరు మూయించారు."

ఆ వాసన ఎలా ఉందో నాచేత మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. వింటూ ఏడ్చింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా.

ఆ ఉదయం మెట్ల మీద వాసన పసిగట్టింది నేనేనా అన్నది ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ మాత్రం అప్పటినుంచీ, పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే, ఇద్దరని చెబుతోంది.