సైరన్ లేకుండా రమ్మనండి

మీకు తెలిసిన ఒకామె నలభై నాలుగేళ్ళ వయసులో కడుపుతో ఉందని వింటే మీరు మొదట ఏమంటారు? ఆమె ముందు అనేది కాదు, ఆమె కారెక్కి వెళ్ళిపోయాక మీ ఇంట్లో అనేది. ఆ మాట గుర్తు పెట్టుకుని ఇది చదవండి.

2022. అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఒక ఆసుపత్రి, పోస్ట్‌పార్టమ్ యూనిట్. అంటే కాన్పయిన తల్లీబిడ్డలను ఇంటికి పంపేదాకా చూసుకునే వార్డు. అక్కడ నేను చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. వార్డు మొత్తంలో తెలుగు వచ్చిన నర్సును నేనొక్కదాన్నే. తెలుగు తల్లులు నన్ను అడిగి మరీ వేయించుకునేవారు. నలభై నాలుగేళ్ళ ఈమె మాత్రం అడిగి మరీ నన్ను తీయించింది.

పేరు శైలజ అనుకుందాం. నా బ్యాడ్జి మీద తెలుగు పేరు చదివి గోడ వైపు తిరిగింది. కాసేపటికి ఛార్జ్ నర్స్ డెబ్రా, అంటే ఆ షిఫ్టుకు మా పెద్ద, నన్ను పక్కకు పిలిచింది.

"ఆవిడకి వేరే నర్సు కావాలట. ఏమన్నావు?"

"నా పేరు చెప్పాను, అంతే."

ఇంటికి పంపే రోజు నర్సులు తక్కువై, డిశ్చార్జ్ టీచింగ్ నా మీద పడింది. ఇంటికెళ్ళాక ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలో తల్లికి చెప్పి పంపడం అది. శైలజ బిడ్డను గుండెకు అదుముకుని కూర్చుని ఉంది.

"ఏమీ అనుకోకండి మేడమ్," అంది. "మీరు మన కమ్యూనిటీలో ఎవరికైనా చెప్తారేమోనని."

"చెప్తే నా లైసెన్స్ పోతుందమ్మా."

"మా ఆయనకీ నాకూ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలీదండీ. క్రితంసారి ఐవీఎఫ్ సక్సెస్ అవగానే అందరికీ చెప్పుకున్నాను. మూడో నెలలో పోయింది. దిష్టి తగిలిందన్నారు. ముందే ఎందుకు చెప్పుకున్నావన్నారు. ఒకావిడ ఇంకో మాట కూడా అంది, అమ్మమ్మవయ్యే వయసులో నీకిది అవసరమా అని."

అందుకని ఈసారి దాచింది. ఇంటి నుంచే ఉద్యోగం, వీడియో కాల్‌లో కెమెరా ఆఫ్. గుడికి వెళ్ళలేదు, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లకు వెళ్ళలేదు. ఎవరైనా పిలిస్తే నడుం నొప్పి అని చెప్పింది. శీతాకాలం పొడుగు కోటు మిగతాది చూసుకుంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. కాన్పు తర్వాత కూడా బీపీ ప్రమాదకరంగా పెరగవచ్చు. పోస్ట్‌పార్టమ్ ప్రీఎక్లాంప్సియా అంటాం. ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోవచ్చు. నలభై దాటిన తల్లులకు ఆ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. మాత్రకు తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా నిద్ర లేక అనుకోవద్దు, ఫోన్ చేయమన్నాను. తల ఊపింది.

వారం తిరగలేదు. ఒక మధ్యాహ్నం వార్డు ఫోన్ నేనే తీశాను.

"తెలుగు నర్స్ ఉన్నారా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. శైలజ గొంతని గుర్తుపట్టాను.

"నేనేనమ్మా, చెప్పు."

"పొద్దున్నుంచి తలనొప్పండీ. మాత్ర వేసుకున్నా తగ్గట్లేదు. గోడ మీద ఏవో మెరుస్తున్నట్టున్నాయి. నిద్ర లేక అనుకుంటా."

"ఇంట్లో ఎవరున్నారు?"

"బాబు."

"మీ ఆయన?"

"కొత్త సాఫ్ట్‌వేర్ గో-లైవ్ ఉందని ఆఫీసువాళ్ళు డాలస్ పంపారు. కాంట్రాక్టర్ కదా, ఇంక లీవ్ ఇవ్వలేదు. చీకటి పడేసరికి వచ్చేస్తారు. అప్పటిదాకా ఆగితే పర్లేదా?"

"ఆగకూడదు. అంబులెన్స్ పిలవాలి, ఇప్పుడే."

"వద్దండీ, ప్లీజ్. మా లైన్‌లో అన్నీ మనవాళ్ళ ఇళ్ళే. అంబులెన్స్ వస్తే అందరికీ తెలిసిపోతుంది."

"తెలియనీ."

చాలా మెల్లగా అడిగింది. "సైరన్ లేకుండా రమ్మని చెప్పగలరా?"

అప్పటికే నేను కాగితం మీద పేరు రాసి చూపిస్తే, డెబ్రా ఇంకో ఫోన్‌లో 911 ఎమర్జెన్సీ వాళ్ళకు శైలజ అడ్రస్ చెబుతోంది. నేను శైలజను మాటల్లో పెట్టాను. బాబును క్రిబ్‌లో పడుకోబెట్టమన్నాను. గడియ తీసి తలుపు పక్కనే నేల మీద కూర్చోమన్నాను. మూత పడిపోతున్న కళ్ళతో కూడా ఎవరి కంటా పడకూడదని ఆమె తలుపు ఓరగానే తీసిందని తర్వాత తెలిసింది. సైరన్ నాకు ఫోన్‌లోనే వినిపించింది. ఆ మోత మధ్య ఆమె ఏడుపు కూడా వినిపించింది.

అంబులెన్స్‌లో బాబుతో సహా మా దగ్గరకు వచ్చేసరికి ఆమె బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం డ్రిప్ పెట్టాం. ఆ మందు ఎక్కుతున్నంతసేపు తల్లి మగతగా ఉంటుంది. అందుకే మా ఆసుపత్రిలో, బిడ్డ దగ్గర వేరే పెద్ద మనిషి ఎవరైనా ఉండి తీరాలి. "ఎవరినైనా పిలువమ్మా," అన్నాను.

ఫోన్ తీసింది. పేర్లు పైకీ కిందికీ జరుపుతూ పోయింది. ఎన్ని పేర్లో. కలిసి పిక్నిక్‌లకు వెళ్ళినవాళ్ళు, పిల్లల బర్త్‌డేలకు గిఫ్టులు తీసుకున్నవాళ్ళు.

"ఎవరికి చేసినా ముందు బాబు పుట్టాడని చెప్పాలి కదండీ," అంది. "ఆ తర్వాత కదా తలనొప్పి సంగతి."

ఫోన్ బోర్లించి పక్కన పెట్టేసింది. డెబ్రా రూలును పక్కన పెట్టి బాబు ఉన్న బాసినెట్ తొట్టిని మా నర్సుల డెస్క్ దగ్గరకు తోసుకొచ్చింది. తండ్రి డాలస్ నుంచి వచ్చేదాకా వాడు మా మధ్యనే పడుకున్నాడు.

ఆలస్యంగా తల్లి కావడం తప్పనేవాళ్ళతో నేను ఏకీభవించను. పెళ్ళయిన ఏడాదికే అత్తగారి నస భరించలేక కన్న అమ్మాయిలనూ ఇదే వార్డులో చూశాను. బిడ్డను ఒళ్ళో పెడితే ఎవరిదో సామాను అప్పగించినట్టు కూర్చునేవారు. శైలజ అలా కాదు. ఎవరి బలవంతమూ లేకుండా, తన ఉద్యోగం, తన బుద్ధి తనకు ఉన్న వయసులో కోరి కన్నది. ఆమె బిడ్డను చూసే చూపులో ఏ తడబాటూ లేదు.

నష్టాలూ ఉన్నాయి. బీపీ, షుగర్, ఆపరేషన్, వీటి గురించి డాక్టర్లు చెబుతారు. డాక్టర్లు చెప్పనిది ఒకటుంది. తల్లి వయసు పెరిగితే అమ్మమ్మ వయసు కూడా పెరుగుతుంది. శైలజ వాళ్ళమ్మ ఇండియాలో డయాలసిస్ మీద ఉంది, విమానం ఎక్కి రాలేదు. తోటి స్నేహితురాళ్ళ పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయారు. పసిపిల్లల తల్లులేమో ఈమెను ఆంటీ అంటారు. రెండు గుంపుల్లోనూ ఆమెకు చోటు లేదు. ఇది వయసు తెచ్చిన ఒంటరితనం, కాదనను. కానీ దాని మీద తాళం వేసింది మనం. దిష్టి అని ఒకరు, ఈ వయసులోనా అని మరొకరు. చదువుకున్నవాళ్ళం, మెషీన్లకు తెలివి నేర్పేవాళ్ళం, గర్భం పోయిన మనిషికి, అందుకు కారణం ఎవరిదో కంటిచూపేనని చెప్పాం. చూపు తగిలి ఎవరూ చావరు. చూసే మనిషి లేక శైలజ చావబోయింది.

మర్నాడు డ్రిప్ తీసేశాక కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ అంది.

"అక్కా, ఒకటి చెప్పనా. స్ట్రెచర్ మీద పడుకుని అన్ని ఇళ్ళూ చూశాను. అంత సైరన్ మోగినా ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఒక్క కర్టెన్ కదల్లేదు. అందరూ ఆఫీసుల్లో ఉన్నారు. ఇన్నాళ్ళూ నేను ఎవరికి కనపడకుండా దాక్కున్నాను?"

బాబును తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను.

ఆమె అడిగినదానికి జవాబు మీ దగ్గర ఉంది. ఈ మధ్య పాట్‌లక్‌లకు రావడం మానేసి, నడుం నొప్పి అని చెబుతున్న ఒకామె మీ వీధిలో ఉండే ఉంటుంది. ఆమె వయసు అడగకండి, కారణం అడగకండి. అన్నం, చారు పట్టుకెళ్ళి తలుపు కొట్టండి. ఏ వేళలో ఫోన్ చేసినా వస్తానని చెప్పండి, చేసినప్పుడు వెళ్ళండి. ఇది చదువుతున్నది ఆమే అయితే, అమ్మా, దాచకు. ఒక్క మనిషికి చెప్పు. ఈరోజే చెప్పు.