శేషమ్మగారి వాటాలో పాలు పొంగించిన వైనం

ఒక్క గిన్నె పాలతో నిండు గర్భిణిని నడిరోడ్డు మీద నిలబెట్టబోయిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే తెనాలి రండి. అంగలకుదురు దగ్గర విత్తనాల కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చుని ఉంటాను.

నాలుగేళ్ళ కిందటి మాట. నజీబ్ అనే అఫ్ఘాన్ కుర్రాడు బాపట్లలో వ్యవసాయం చదువుతూ, విత్తనాల సంగతులు అడగడానికి మా కొట్టుకు వచ్చేవాడు. 'అండి' లేనిదే వాడి నోట మాట ముగిసేది కాదు. అంతలో వాళ్ళ దేశంలో ప్రభుత్వం కూలింది, వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోయింది. నానా తంటాలు పడి అతని భార్య జర్మీనా ఇక్కడికి చేరుకునేసరికి ఆమెకు ఎనిమిదో నెల.

మేం నలుగురు స్నేహితులం వాళ్ళ కాపురం నిలబెట్టే పూచీ మీద వేసుకున్నాం. మంచం ఒకడు, బియ్యం పప్పులు ఇంకొకడు, డాక్టరు దగ్గరికి తిప్పడం మరొకడు. ఇల్లూ, పొయ్యీ నా వంతు. తెనాలి తిరిగాను, రేపల్లె తిరిగాను. "ఏ దేశమండి?" అని అడిగేవారు. చెప్పగానే, "అయ్యో, మా తమ్ముడు దిగుతున్నాడండి!" అనేవారు. ఆ నెలలో ఆ రెండూళ్ళలో దిగిన తమ్ముళ్ళని లెక్కపెడితే ఒక రైలు సరిపోదు.

చివరికి బాపట్లలో శేషమ్మగారు ఒప్పుకున్నారు. మేడ మీద తను, కింద ఖాళీ వాటా.

"వాళ్ళ దేవుడు వాళ్ళిష్టం, వాళ్ళ కూర వాళ్ళిష్టం. దిగేరోజు మాత్రం నా వాటాలో పాలు పొంగాలి రాంబాబూ. పొంగకపోతే తాళంచెవి ఇవ్వను."

"పాలే కదా పిన్నిగారూ, వరద పారిస్తాను!" అన్నాను. నా నోటికి అప్పుడే తాళం వేసి ఉండాల్సింది.

గ్యాసు కనెక్షన్‌కి కాగితాలు కావాలి, అవింకా రాలేదు. అందుకని కరెంటు పొయ్యి కొన్నాను. ఊరికే కొంటానా? అన్నిట్లోకీ ఖరీదైంది కొన్నాను. ముహూర్తానికి గిన్నె పెట్టి, పాల బొమ్మ ఉన్న బటన్ నొక్కి, కాలరెగరేసి నిలబడ్డాను. పాలు కాగాయి, అంచుదాకా లేచాయి, టక్కున కిందికి కూర్చున్నాయి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లేచాయి, మళ్ళీ కూర్చున్నాయి.

"సార్, ఇదేంటండి?" అన్నాడు నజీబ్.

పెట్టె మీద చదివాను. పాలు పొంగిపోకుండా దానంతటదే ఆగే పొయ్యి అట! ఇంటిల్లిపాదీ సంతోషించే ఆ గొప్పతనం కోసమే ఎక్కువ డబ్బు పోసింది నేను. కంగారుపడి దాని బటన్లన్నీ నొక్కేసరికి అది మూగనోము పట్టింది.

బయటినుంచి శేషమ్మగారి కేక. "రాంబాబూ, పొంగాయా? ముహూర్తం దాటిపోతోంది!"

జర్మీనా సామాను మూట మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని నా మొహంలోకి చూస్తోంది. ఈ ఇల్లు కూడా పోతే ఇంకో ఇల్లు లేదు. నా బుర్ర అక్కడ పనిచేయడం మానేసింది. సంచిలో ఉన్న రెండో పాలప్యాకెట్ చింపి, గిన్నె చుట్టూ కుమ్మరించి, "పొంగాయండీ!" అని అరిచాను.

శేషమ్మగారు వచ్చారు. గిన్నె చుట్టూ ఒలికిన పాలలో వేలు పెట్టారు. "పొంగిన పాలు ఇంత చల్లగా ఉన్నాయేంటి?"

"మరి... ఫ్యాను గాలికి పిన్నిగారూ."

ఆ గదిలో ఫ్యాను లేదు. ఆవిడ నన్ను వదిలేసి నజీబ్ వైపు తిరిగారు. "నువ్వు చెప్పు బాబూ. నిజంగా పొంగాయా?"

వాడు నన్ను చూశాడు, భార్యని చూశాడు, తల వంచుకున్నాడు. "లేదండి. సార్ పోశారండి."

అయిపోయింది! మంచం మళ్ళీ ఆటో ఎక్కినట్టే అనుకున్నాను. ఆవిడ కొంగుతో వేలు తుడుచుకుని అన్నారు: "ఇల్లు పోతుందని తెలిసి కూడా నిజం చెప్పాడు. ఇంతకుముందు అద్దెకున్నాయన రెండేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదు. ఆగండి, మేడ మీద నా గ్యాసు పొయ్యి ఉంది, దించండి."

దించాం. అసలైన మంట మీద పాలు లేచాయి. పాలు పొంగిపోతున్నాయని జర్మీనా గబుక్కున గిన్నె దించబోయింది. శేషమ్మగారు ఆ చెయ్యి పట్టుకున్నారు. "ఆగమ్మా, పోనీ! పోవాలి!" పాలు పొర్లి పొయ్యంతా పారాయి. ఇన్ని పాలు నేలపాలైతే ఈవిడ నవ్వుతుందేంటని జర్మీనా తెల్లబోయి, తనూ నవ్వేసింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. శేషమ్మగారు తాళంచెవి ఆ చేతిలోనే పెట్టి వేళ్ళు మూశారు. నెల తిరక్కుండా ఆ వాటాలోకి పాప కూడా వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు శేషమ్మగారి చంక దిగదు.

ఆరోజు ఆ ఆనందంలో నేను, "పిన్నిగారూ, మరి నాకు కాఫీ?" అన్నాను.

"నీకా? ఇదిగో," అని ఆవిడ పాతగుడ్డ ఒకటి చేతికిచ్చి, నేను కుమ్మరించిన పాలు చూపించారు. "ముందు తుడువు."

అందుచేత అయ్యా, అమ్మా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. దిక్కులేక మన ఊరొచ్చినవాళ్ళకి ఇల్లు వెతుకుతాను, మంచం మోస్తాను, ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. పాలు పొంగే వేళకి మాత్రం వీధి చివర చేతులు కట్టుకుని నిలబడతాను.