కౌజుపిట్ట ఎవరిని పిలిచేది?

మా చిన్నప్పుడు... "మొదటి వాన పడంగనే ఇడిసిపెడ్దాం తమ్మీ" అని మా పెద్దన్న నర్సిరెడ్డి నాకు మాటిచ్చాడు. విడవాల్సింది ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో పెంచిన కౌజుపిట్టను... ఎరపిట్ట అనేవాళ్లం.

పుట్ట తవ్వి, చెదలు తెచ్చి మేపడం నా పని. నా వేళ్ల మీదినుంచే ఏరుకుని తినేది.

అన్న పని వేరే. పొద్దుపొడుపున పంజరాన్ని రావిర్యాల దిక్కు మెట్ట చెలకల్లో పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. పైన కప్పిన గుడ్డ తీయగానే పిట్ట కూసేది. ఆ కూత విని బయటి కౌజులు ఉరుక్కుంటూ వచ్చి ఉచ్చుల్లో కాళ్లు పెట్టేవి.

నాకొకటే అనుమానం... ఇది వాటిని రమ్మంటున్నదా, రావద్దంటున్నదా? అన్నను అడిగితే నవ్వాడు. "గది నీకెందుకురా... కూస్తే సాలు."

మొదటి వాన పడింది. రెండోదీ పడింది. మాట గుర్తుచేశాను.

"గిట్ల కూసే పిట్ట మల్ల దొరుకుతదా? కూసున్న కాడికి తిండొస్తున్నది, దానికేం ఫికర్?"

మరునాడు నేనూ వెంట పోయాను. ఉచ్చులు పన్ని అన్న తుమ్మచెట్టు చాటుకు పోగానే పంజరం తలుపు తీశాను. చెలకలో విడిస్తే దాని వాళ్లతో కలుస్తుందనుకున్నాను... చుట్టూ ఉన్న ఉచ్చులు నా బుర్రకు తట్టలేదు.

పిట్ట బయటికొచ్చింది. మట్టిని గీరింది. తల వంచి నన్ను చూసింది. నాలుగడుగులు వేసింది... అంతే, కాలికి ఉచ్చు బిగిసింది. కొట్టుకుని కొట్టుకుని కాలు విరగ్గొట్టుకుంది.

"నువ్వే సంపినవ్" అన్నాడు అన్న. ఆ రోజు మిగతా కౌజులతో పాటు దాన్నీ వండారు. నేను తినలేదు. ఇంట్లో అందరూ ఇన్నేళ్లుగా అదే మాట... తలుపు తీసింది వీడే కదా అని.

తర్వాత జైళ్ల గురించి, బానిసల గురించి, జంతుశాలల గురించి దొరికిందల్లా చదివాను. లోపల ఉన్నది బయటివాటికి ఏం చెప్తుందో ఏ పుస్తకమూ తేల్చలేదు.

ఇప్పుడా చెలకలన్నీ ప్లాట్లు. కౌజు కూత విని ఎన్నేళ్లయిందో... అన్న మాత్రం రోజూ పొద్దున్నే నా ఫోనుకు ఎగిరే పిట్టల బొమ్మలు పంపుతాడు.

మీ ఇళ్లల్లో ఎవరైనా ఎరపిట్టను పెంచారా? అది ఎందుకు కూసేదో తెలిస్తే రాయండి.

ఎవరు చంపారో మాత్రం చెప్పనక్కరలేదు. తలుపు తీసింది నేనే. మాట తప్పింది, ఉచ్చులు పన్నింది... మా పెద్దన్న నర్సిరెడ్డి.