వస్తానని చెప్పి వచ్చా

నిన్న టీ కొట్టు దగ్గర కూడా అదే కథ విన్నాను. జగ్గయ్యపేటలో ఒక విదేశీ వనితను చూసి, ఇంగ్లీషు మాట్లాడలేక, నేను బట్టల కొట్టు వెనక తలుపులోంచి పారిపోయానట! నందిగామలో ప్రస్తుతం చలామణిలో ఉన్న కథనం ఇది. దీన్ని నేను అంగీకరించలేను. మొదటిది, ఆ కొట్టుకు వెనక తలుపే లేదు. రెండవది, నేను పారిపోలేదు. నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని, ముందు తలుపులోంచే నడిచి వచ్చాను. మూడవది, ఇంగ్లీషు మాట్లాడలేకపోవడం వల్ల ఈ అనర్థం జరగలేదు. మాట్లాడటం వల్ల జరిగింది.

వరుసగా చెబుతాను. తీర్పు మీరే చెప్పండి.

నేను నందిగామలో దస్తావేజు లేఖరిని. ఇళ్ళూ పొలాలూ అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ కాగితాలు రాసిపెడతాను. తూర్పున ఏ వీధి, దక్షిణాన ఎవరి గోడ అని ఏళ్ళ తరబడి రాసీ రాసీ, హద్దులు లేని మాటా తేదీ లేని కాగితమూ కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మిగిలిన వేళల్లో చరిత్ర పుస్తకాలు చదువుతాను. మూడేళ్ళ కిందట వీరులపాడు వైపు ఒక పొలం సరిహద్దులు చూడబోయినప్పుడు గట్టు మీద ఒక పలకరాయి కనిపించింది. దాని మీద మూడు వరుసల గీతలున్నాయి. బ్రాహ్మీ అక్షరాల పట్టిక పక్కన పెట్టుకుని రెండు అక్షరాలను పోల్చుకోగలిగాను. మిగిలినవి అక్షరాలో, నాగలి గాట్లో తేల్చలేకపోయాను. తేలనిదాన్ని శాసనం అని ప్రకటించడం నా స్వభావం కాదు. తడి కాగితం అద్ది, మసి పూసి, అచ్చు తీసి, ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచాను.

ఈ జూలై చివర్లో ఆ పొలం ఆసామి నరసింహారావు గారు ఫోన్ చేశారు.

"లేఖరి గారూ, మోటారు షెడ్డు కడుతున్నా. మీ రాయి గడపకి అచ్చంగా సరిపోద్ది. వేసేస్తన్నా."

"అయ్యో, ఆగండి! అది రెండు వేల ఏళ్ళ నాటిది కావచ్చు."

"కావచ్చా, అయిందా?"

నేను ఊళ్ళో అందరినీ అడిగే ప్రశ్న అది. నన్నే అడిగారు.

"చదవటం వచ్చినోళ్ళు ఎవరన్నా వచ్చి, చూసి, ఔనంటే ఆపుతా. ఆగస్టు నెలాఖరు దాకా చూస్తా. సెప్టెంబరు ఒకటో తారీఖు సోమవారం మేస్త్రీ వస్తాడు. ఆనక నన్ననబాకండి."

నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఐదో రోజు విజయవాడ నుంచి మాధవరావు ఫోన్! వాడు నా చిన్ననాటి స్నేహితుడు, కాలేజీలో చరిత్ర చెబుతాడు. పోలెండ్ దేశం నుంచి మార్తా గారని ప్రాచీన లిపుల పండితురాలు వస్తున్నారట. ఆగస్టు ముప్పయ్యో తేదీ శనివారం పొద్దున్నే జగ్గయ్యపేట స్తూపం చూసి, ఒక నేత చీర కొనుక్కుని, సాయంత్రానికి హైదరాబాదు వెళ్ళి విమానం ఎక్కుతారట.

"నాకు ఆ రోజు కుదరదురా. నువ్వు కాసేపు తోడుండు. రాయి సంగతి నేను ముందే చెప్పనా?" అన్నాడు.

"వద్దు. నా రాయి సంగతి నేనే చెబుతా," అన్నాను.

ఇక్కడే మొదటి తప్పు. అహంకారం అని రాసుకోండి.

నాకు ఇంగ్లీషు చదవడం కొంత వచ్చు, మాట్లాడటం బొత్తిగా రాదు. మర్నాడే మెడికల్ షాపు మేడ మీద నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. పంతులమ్మ ఝాన్సీ, నాకు తెలిసినవాళ్ళ అమ్మాయి. నెల రోజుల్లో మూడు పాఠాలు: షాపింగు, వినోదాలూ అభిరుచులూ, ఆహ్వానాలు.

"'వుడ్ యూ లైక్'లో వుడ్ అనేది భూతకాలం కదమ్మా, ఆహ్వానమేమో భవిష్యత్తుకు సంబంధించినది. ఎలా కుదురుతుంది?" అని అడిగాను.

"అంకుల్, వుడ్ చరిత్ర మనకొద్దు. వాడండి, చాలు."

ఆ సమాధానం నాకు రుచించలేదు. కానీ పాఠాల వరుస మాత్రం నా అవసరానికి అతికినట్టు సరిపోయింది. ఆవిడను చీరల కొట్లో కలుస్తాను కాబట్టి ముందు షాపింగు. ఆ తరువాత అభిరుచులు. నా అభిరుచి శాసనాలు కాబట్టి విషయం అక్కడ ఎత్తాలి. చివర ఆహ్వానం: భోజనానికి మా ఇంటికి పిలిచి, ట్రంకు పెట్టె తెరిచి, అచ్చు చూపించి, ఆవిడ కారులోనే వీరులపాడు తీసుకువెళ్ళాలి. అద్దం ముందు నిలబడి మూడు పాఠాలూ వప్పజెప్పుకున్నాను. మా ఆవిడ సుజాత వంటింట్లోంచి, "ఏవండీ, ఎవరితో?" అనేది.

ముప్పయ్యో తేదీ ఉదయం పదిన్నరకు కొట్లోకి అడుగుపెట్టాను. మార్తా గారు పరుపు మీద కూర్చుని చీరలు చూస్తున్నారు. యాభై ఏళ్ళుంటాయి, ప్రశాంతమైన ముఖం. నన్ను చూడగానే లేచి నవ్వారు. రెండు చీరలు పైకెత్తి, ఏది బాగుందని అడిగారు.

షాపింగు పాఠం నోట్లో సిద్ధంగా ఉంది. కానీ అందులో వాక్యాలన్నీ కొనేవాడివి!

"ఐ యామ్ జస్ట్ లుకింగ్, థాంక్యూ," అన్నాను.

ఆవిడ చీరలు రెండూ కింద పెట్టారు. మీరు ఈ దగ్గరలోనే పని చేస్తారా అని అడిగారు.

"డూ యూ హావ్ ఎనీ అదర్ కలర్?" అన్నాను.

కొట్టు యజమాని నిజంగానే ఇంకో నాలుగు చీరలు దించాడు. మొదటి పాఠం అలా ముగిసింది.

అదృష్టవశాత్తూ ఎదురుగా వినాయకుడి పందిరి ఉంది. మైకులో పాట హోరెత్తుతోంది. ఆవిడ చెవి అటు పెట్టి తల ఊపారు. ఇంతకంటే మంచి సందర్భం రాదు!

"వాట్ కైండ్ ఆఫ్ మ్యూజిక్ డూ యూ లైక్, మేడమ్?"

పాత పాటలు ఇష్టమన్నారు. సినిమాలు పెద్దగా చూడరట. ఆ తరువాత, నేను నెల రోజులుగా ఎదురుచూసిన ప్రశ్న వేశారు: మరి మీకేం ఇష్టం?

నోరు తెరిచాను. నెల రోజులపాటు మెడికల్ షాపు బోర్డు కింద నుంచి మెట్లెక్కిన ఫలితం, శాసనానికి ఇన్‌స్క్రిప్షన్ అనవలసిన చోట ఇంకో మాట దొర్లింది.

"ఐ లైక్ ఓల్డ్ ప్రిస్క్రిప్షన్స్."

ఆవిడ ముఖం మారిపోయింది. ఒంట్లో బాగాలేదా, ఎప్పటినుంచి అని మెల్లగా అడిగారు. ఆవిడ ఉచ్చారణలో నాకు జబ్బును సూచించే 'ఇల్' అన్నది వినిపించలేదు, ఎప్పటినుంచి అన్నది మాత్రమే వినిపించింది.

"ఫ్రమ్ చైల్డ్‌హుడ్," అన్నాను గర్వంగా. "డే బై డే ఇంక్రీజింగ్."

వెంటనే నన్ను పరుపు మీద కూర్చోబెట్టారు. తన సీసాలో నీళ్ళు ఇచ్చారు. శాసనాల మీద ప్రేమ ఉన్నవాణ్ణి విదేశాల్లో ఇంతగా ఆదరిస్తారా అని నా కళ్ళు చెమర్చాయి.

ఆ ఊపులో మూడవ పాఠానికి వచ్చాను. "వుడ్ యూ లైక్ టు కమ్ టు మై హౌస్ ఫర్ లంచ్?" ఒక్క అక్షరం పొల్లు పోలేదు! ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. వన్ ఓ క్లాక్ అన్నాను. సరే అన్నారు. చిరునామా కాగితం చేతికిచ్చాను. ఝాన్సీ చిరునామా ఇంగ్లీషులో ఎలా రాయాలో చెప్పలేదు. నేను నాకొచ్చిన పద్ధతిలో, తూర్పు పంచాయితీ రోడ్డు, దక్షిణం ఫలానావారి ప్రహరీ అని నాలుగు హద్దులతో సహా తెలుగులోనే రాశాను. డ్రైవరు దారిలో ఎవరినైనా అడిగితే చదివిపెట్టరా?

ఆవిడకు చీర తేల్చుకోవడానికి ఇంకా సమయం పట్టేట్టుంది. అతిథి వచ్చేసరికి పిలిచినవాడు గుమ్మంలో ఉండాలి కదా! ముందుగా బస్సులో వెళ్ళి, గడ్డ పెరుగు, అరిటాకులు తీసుకుని సిద్ధంగా ఉందామనుకున్నాను. లేచి రెండు చేతులూ జోడించాను. ఎక్కడినుంచైనా కదిలేటప్పుడు మనవాళ్ళెవరైనా 'వెళ్తా' అంటారా? అనరు. అశుభం. మరి ఏమంటారు?

"ఓకే మేడమ్. ఐ విల్ కమ్."

వచ్చేశాను.

చిల్లకల్లు దాటి బస్సు హైవే ఎక్కేసరికి నా మనసు తేలిపోతోంది. ఇంటికి వచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి, పంచె కట్టుకున్నాను. సుజాత గుత్తివంకాయలో కారం తగ్గించింది. పప్పులో అసలు వేయనేలేదు. ఒంటిగంట అయింది. రెండయింది. రెండున్నరకు కూర రెండోసారి వెచ్చబెట్టింది.

"వస్తారంటారా?"

"ఐరోపావాళ్ళు సమయపాలనకు ప్రాణమిస్తారు."

"మూడవుతోందండీ. ఇంతకీ మీరు ఏమని చెప్పి వచ్చారు?"

"వస్తానని చెప్పి వచ్చా."

"రమ్మని చెప్పారా, వస్తానని చెప్పారా?"

"రెండూ."

సుజాత గరిటె కింద పెట్టింది. "వస్తానన్న మనిషి కోసం ఆవిడ అక్కడ కూచుందేమో చూడండీ!"

"ఊరికే ఊహించకు. ఆధారం ఏమిటి?"

ఆధారం కొక్కేనికి వేలాడుతోంది. అతిథులతో మాట్లాడేటప్పుడు ఫోను సైలెంటులో పెట్టాలని మూడవ పాఠం చివర ఉంది. పెట్టాను, మళ్ళీ తీయలేదు. చొక్కా జేబులోంచి తీసి చూస్తే మాధవరావు నుంచి పదకొండు మిస్డ్ కాల్స్.

జగ్గయ్యపేట బస్టాండులో దిగి పరిగెత్తాను. దయచేసి గమనించండి: పరిగెత్తింది కొట్లోంచి కాదు, కొట్లోకి.

"ఇప్పుడొచ్చారా లేఖరి గారూ!" కొట్టు యజమాని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మూడున్నర దాకా కూచున్నారండీ పాపం. ఏమీ తినలేదు, లంచి ఉంది లంచి ఉందంటారు. మీకు జబ్బు చేసి ఎక్కడో పడిపోయి ఉంటారని రెండుసార్లు కారేసుకుని ఆసుపత్రికి వెళ్ళి వెతికొచ్చారు. ఏం జబ్బండీ మీకు?"

"నా కాగితం ఎవరికీ చూపించలేదా?"

"అది మీ మందుల చీటీయంట కదా! ఒకరిది ఇంకొకరు చదవకూడదని మడిచి సంచీలో పెట్టుకున్నారు. మీరొస్తే ఇద్దామని."

పరుపు మీద కూలబడ్డాను. నాకోసం నాలుగు గంటలకు పైగా ఆకలితో కూర్చున్న మనిషి! నా జీవితంలో ఆ రాయిని చదవగలిగినవాళ్ళు ముప్పై కిలోమీటర్ల దగ్గరకు వచ్చిన ఏకైక సందర్భం!

ఆ రాత్రే అచ్చుకు ఫోటో తీసి మాధవరావు చేత ఆవిడకు పంపించాను. విమానం దిగాక జవాబు ఇచ్చారు. అక్షరాలే కావచ్చు, కాకపోవచ్చు, రాయిని చూస్తే గాని చెప్పలేనన్నారు. నేనైనా అదే అనేవాణ్ణి. చివర ఒక వాక్యం: ఆరోగ్యం ఎలా ఉంది?

ఆ జవాబు మంగళవారం వచ్చింది. మేస్త్రీ సోమవారమే వచ్చాడు. నరసింహారావు గారు మాట తప్పే మనిషి కాదు.

"కనీసం అక్షరాలు పైకి కనిపించేట్టు వేశారా?" అన్నాను.

"గరుగ్గా ఉంటే కాలికి తగులుద్దని నున్నటి వైపు పైకి పెట్టించానండీ. శుభ్రంగా కుదిరింది. వచ్చి చూడండి."

వారం రోజులు నేను కూడా ఒక కథనం ప్రచారం చేశాను: తప్పు నాది కాదు, పాఠాలది. సెలవు తీసుకునేటప్పుడు ఇంగ్లీషులో 'వస్తా' అనకూడదని నాకెవరూ చెప్పలేదు. మెట్లెక్కి ఝాన్సీని నిలదీశాను కూడా.

"చెప్పానంకుల్. అందరూ నవ్వారు, మీరు మాత్రం నవ్వకుండా రాసుకున్నారు."

"నోటిమాట చెల్లదమ్మా. రాతపూర్వకమైన ఆధారం ఉండాలి."

ఇంటికి వచ్చి, ఆ అమ్మాయి మాట అబద్ధమని నిరూపించడానికే నోటుపుస్తకం తీశాను. పదిహేడవ పేజీ. దస్తూరి నాదే, సందేహం లేదు. తేదీ: 11-8-2025, సోమవారం, అంటే జగ్గయ్యపేట వెళ్ళడానికి సరిగ్గా పంతొమ్మిది రోజుల ముందు. 'సెలవు తీసుకొనునపుడు ఐ విల్ కమ్ అనరాదు. అన్నచో తిరిగి వచ్చెదరని ఎదుటివారు వేచియుందురు.' దాని పక్కన మార్జిన్‌లో, ఎర్ర సిరాతో, పొట్టి సంతకంతో సహా నా వ్యాఖ్య: 'ఆధారము లేదు. పరీక్షించి చూడవలెను.'